ఇంటికొచ్చే డాక్టర్ల సేవ: ఏడాదికి పైగా వాడాక మా అనుభవం

మా అత్తయ్యకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక కీమో వల్ల ఉపయోగం లేదని ఆస్పత్రిలో చెప్పాక, హైదరాబాద్‌లో ఇంటికొచ్చి చూసే ఒక పాలియేటివ్ బృందాన్ని (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించేవాళ్లు) పెట్టుకున్నాం. ఒక డాక్టరమ్మ, ఒక నర్సు. ఏడాదికి పైగా, అత్తయ్య పోయేదాకా వాళ్లే చూశారు. నేను రాయాలనుకున్నది వాళ్లు మాట్లాడే తీరు గురించి. మందులు ఎక్కడైనా అవే దొరుకుతాయి. ఆ మాటతీరు దొరకదు.

మొదటిసారి వచ్చినప్పుడు మావారు గుమ్మంలోనే ఆపి, "జబ్బు ముదిరిందని అమ్మకు తెలియదు, చెప్పకండి" అన్నారు. డాక్టరమ్మ వాదించలేదు. "నా అంతట నేను చెప్పను. ఆవిడే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను" అన్నారు. లోపలికెళ్లి, కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని కూర్చుని, "అమ్మా, మీ జబ్బు గురించి మీకేం చెప్పారు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా?" అని అడిగారు. ఆ రోజు అత్తయ్య "అంతా మావాడికి చెప్పండి" అన్నారు. కొన్నాళ్లకు ఆవిడే, "ఇది తగ్గేది కాదు కదమ్మా?" అన్నారు. "తగ్గదమ్మా. నొప్పి లేకుండా చూసుకుంటాం" అని చెప్పి డాక్టరమ్మ చాలాసేపు అలాగే పక్కన కూర్చున్నారు. అత్తయ్య కుంగిపోతారని మేం భయపడ్డాం. ఆవిడ ఆ సాయంత్రమే నగలు ఎవరికేమివ్వాలో చెప్పారు, ఇక ఆస్పత్రికి తీసుకెళ్లొద్దన్నారు. ఆ మాట మేమెవరం అడగగలిగేవాళ్లం కాదు.

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలో చెప్పమంటే అత్తయ్య ఎప్పుడూ "ఫర్వాలేదు" అనేవారు. నర్సు అది పట్టుకుని వదిలేయలేదు. రాత్రి పక్కకు తిరిగితే మెలకువ వస్తోందా, సలుపా, మంటా, కరెంటు షాక్‌లా కొడుతోందా అని అడిగేది. మంట, షాక్ అంటే నరాల నొప్పి కావచ్చట. దానికి వేరే మాత్ర కలిపాకే ఆవిడకు నిద్ర పట్టింది.

బలమైన నొప్పి మందు మార్ఫిన్ అనగానే డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుకు టెన్షన్. అలవాటైపోతుందేమో, ప్రాణం తీస్తుందేమో అని. డాక్టరమ్మ మొదట అత్తయ్య అనుమతి అడిగి, తర్వాత ఆవిడ ఎదుటే వీడియో కాల్‌లో మాట్లాడారు. నొప్పికి తగిన మోతాదులో వాడితే ఆయుష్షు తగ్గదని, నాలుగు గంటలకోసారి టైముకి వేయాలని, మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలని వివరించారు. ఆ తర్వాత మందుల గురించి మా ఇంట్లో గొడవ లేదు. మార్ఫిన్ ప్రతి మందుల షాపులో దొరకదు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు నిల్వ ఉంచుకోవచ్చు. మాకు అలాంటి చోటు నుంచే తెచ్చుకోవాల్సి వచ్చేది.

లోపాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. రాత్రి ఫోన్ ఎత్తే మనిషికి అత్తయ్య సంగతేమీ తెలియదు. ఆయాసం వస్తోందంటే వెంటనే ఐసీయూకి తీసుకెళ్లమన్నారు. ఆస్పత్రి వద్దని ఆవిడ చెప్పిన మాట వాళ్ల ఫైలులోనే ఉంది. డాక్టరమ్మ సెలవులో ఉన్నప్పుడు వచ్చిన ఒకాయన మంచం కాళ్ల దగ్గర నిలబడి మాతో ఇంగ్లిషులో మాట్లాడి వెళ్లిపోయారు. "ఏమన్నాడే?" అని అత్తయ్య రోజంతా అడుగుతూనే ఉన్నారు. నర్సు మారినప్పుడల్లా కథ మొదటి నుంచి చెప్పాలి. మేమే ఒక నోట్‌బుక్ పెట్టి మోతాదులు, ఆవిడ కోరికలు, అడగాల్సిన ప్రశ్నలు రాసి తలగడ దగ్గర ఉంచాక కొంత నయమైంది. మీరు మొదటి రోజే పెట్టండి. రాత్రి ఎవరు మాట్లాడతారో కూడా డబ్బు కట్టే ముందే అడగండి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లు తెలంగాణలో ప్రభుత్వ జిల్లా పాలియేటివ్ కేంద్రాల్లో అడగొచ్చు. ఇళ్లకు వెళ్లే ఆలన వాహనాలు అక్కడి నుంచే నడుస్తాయి.

చివరి వారంలో డాక్టరమ్మ మావారిని పక్కకు పిలిచి, గొంతులో గురక వినిపించొచ్చని, దానివల్ల ఆవిడకు బాధ ఉండకపోవచ్చని ముందే చెప్పారు. ఇంట్లో పోతే మరణ కారణం రాసే ఫారం 4ఏ తానే ఇస్తానని, 21 రోజుల్లోగా రిజిస్టర్ చేయించమని కూడా చెప్పారు. చెప్పినట్టే ఆ తెల్లవారుజామున వచ్చి, రాసి ఇచ్చి, మావారి పక్కన కాసేపు కూర్చుని వెళ్లారు.