వీడియోలు స్ట్రక్ అయ్యే కొత్త ఫోన్: ఏడాది పైగా వాడాక

పదిహేను వేల లోపు 5జీ ఫోన్. 6 జీబీ ర్యామ్, 90 హెర్ట్జ్ (అంటే సెకనుకి 90 సార్లు బొమ్మ మార్చే) తెర, రిజల్యూషన్ మాత్రం హెచ్‌డీ ప్లస్, అంటే 720×1600. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో చాలా ఫోన్లది ఇదే కథ. కాల్స్ స్పష్టంగా ఉంటాయి, బ్యాటరీ రోజంతా వస్తుంది, కెమెరా పగటిపూట ఫర్వాలేదు. వాటి గురించి ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. నన్ను సతాయించింది వీడియోలే. వాటిని ఎలా దారికి తెచ్చుకున్నానో చెప్తాను.

కొన్న మొదటి రెండు మూడు రోజుల్లో వీడియో నత్తనడక నడిస్తే కంగారు పడొద్దు. పాత ఫోన్‌లోని యాప్‌లన్నీ దిగుతుంటాయి, ఫొటోలు బ్యాకప్ అవుతుంటాయి, వాట్సాప్ పాత చాట్లను లాక్కుంటుంటుంది. ఆ టైమ్‌లో ఖరీదైన ఫోన్ కూడా కాస్త ఈడుస్తుంది. రాత్రిపూట వైఫైలో ఛార్జింగ్ పెట్టి వదిలేస్తే ఆ పని అదే ముగించుకుంటుంది.

నా ఫోన్‌లో ఆ తర్వాత కూడా పోలేదు. అలాగని అన్ని వీడియోలకూ లేదు. పాత సినిమా పాటలు, వంటల వీడియోలు, వార్తలు హాయిగా వచ్చేవి. యూట్యూబ్‌లో క్రికెట్ హైలైట్స్ పెడితేనే గొడవ. షాట్ కొట్టాక కెమెరా బంతి వెంట బౌండరీ దాకా తిరుగుతుంది కదా, సరిగ్గా అక్కడ బంతి ఒకచోట మాయమై ఇంకోచోట తేలేది. కామెంట్రీ మాత్రం ఎక్కడా తెగేది కాదు. అసలు కిటుకు అక్కడే ఉంది. మాట సాఫీగా వస్తూ బొమ్మ ఒక్కటే తడబడుతోందంటే సాధారణంగా అది నెట్ తప్పు కాదు. నెట్ సరిపోకపోతే మాటా బొమ్మా రెండూ ఆగిపోయి మధ్యలో చక్రం తిరుగుతుంది. రోజువారీ డేటా కోటా అయిపోయి స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోయినప్పుడు జరిగేది ఈ రెండోది. దానికి ఫోన్‌ని తిట్టి లాభం లేదు.

సర్వీస్ సెంటర్ కుర్రాడికి ఇదంతా చెప్పాను. "మీ నెట్ స్లో ఉంది సార్" అన్నాడు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ముందే ఆఫ్‌లైన్‌లో దాచుకున్న వీడియో చూపించాను. అదే తడబాటు. "అయితే రీసెట్ కొట్టేద్దాం సార్, అప్‌డేట్ వస్తే అదే సెట్ అయిపోద్ది" అన్నాడు. రీసెట్ కొట్టించుకున్నాను. యాప్‌లన్నీ మళ్లీ పెట్టుకునే పని తగిలింది తప్ప ఏమీ మారలేదు.

దారి చూపింది యూట్యూబ్‌లోనే ఉన్న ఒక సదుపాయం. యాప్ సెట్టింగ్స్‌లో 'జనరల్' కింద 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, వీడియో నడుస్తున్నప్పుడు మెనూలోంచి ఒక చిన్న నల్ల పట్టీ తెచ్చుకోవచ్చు. ఎన్ని సెకన్ల వీడియో ముందుగా తెచ్చిపెట్టుకుందో, ఏ కోడెక్ (వీడియోని కుదించి, విప్పే పద్ధతి) నడుస్తోందో, ఎన్ని ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) వదిలేసిందో అందులో కనిపిస్తుంది. నా హైలైట్స్ వీడియోకి బఫర్, అంటే ముందుగా తెచ్చిపెట్టుకున్న వీడియో, నిండుగా ఉంది. కోడెక్ దగ్గర ఏవీ01 అని ఉంది, అంటే ఏవీ1. కెమెరా గిర్రున తిరిగినప్పుడల్లా వదిలేసిన ఫ్రేముల అంకె టకటకా పెరిగింది. పాత పాట పెడితే అక్కడ వీపీ9 అనే పాత కోడెక్ ఉంది, అంకె కదల్లేదు.

ఏవీ1 అనేది 2018లో వచ్చిన వీడియో కుదింపు పద్ధతి. తక్కువ డేటాతో మంచి బొమ్మ ఇస్తుంది, కాబట్టి యూట్యూబ్‌కి లాభం, మన డేటాకీ లాభం. కాకపోతే విప్పడం కష్టం. చిప్‌లో దానికోసం ప్రత్యేకంగా భాగం ఉంటే ఫోన్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లేకపోతే ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. 2019లో మీడియాటెక్ ప్రకటించిన డైమెన్సిటీ 1000లో ఆ భాగం ఉంది. క్వాల్‌కామ్ 2022 చివర్లో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2తో, యాపిల్ 2023లో ఐఫోన్ 15 ప్రోతో దాన్ని ఇచ్చాయి. అన్నీ పెద్ద చిప్‌లే. నా ఫోన్‌లోని బడ్జెట్ చిప్‌లో అది లేదు.

యూట్యూబ్ యాప్‌లో కోడెక్ మార్చుకునే ఆప్షన్ లేదు. అందుకని క్వాలిటీని 1080పీ60 (చివరి 60 అంటే సెకనుకి 60 ఫ్రేములు) నుంచి 720పీ60కి దించాను. ఫ్రేముకి దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్ విప్పాల్సిన చోట 9.2 లక్షలతో సరిపోతుంది. ఎలాగూ నా తెర 720దే, పై క్వాలిటీ పెట్టి బావుకునేది పెద్దగా లేదు. సగం రోగం దీంతోనే కుదిరింది.

మిగతా సగం తెరది. 90 హెర్ట్జ్ అంటే స్క్రోల్ చేయడానికి బాగుంటుంది కానీ, సెకనుకి 60 ఫ్రేముల వీడియో అందులో సమంగా ఇమడదు. ఒక ఫ్రేము ఒకసారి, తర్వాతి ఫ్రేము రెండుసార్లు కనిపిస్తుంది. ఒక్క ఫ్రేము వదలకపోయినా కంటికి ఏదో కుంటుతున్నట్టే ఉంటుంది. కొన్ని ఫోన్లు వీడియో పెట్టగానే వాటంతటవే 60కి దిగుతాయి, నాది దిగదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నేనే 60కి మార్చాక బంతి నున్నగా దొర్లింది. 120 హెర్ట్జ్ తెర ఉన్నవాళ్లకి ఈ బాధ ఉండదు, 24, 30, 60 మూడూ అందులో నిశ్శేషంగా పోతాయి.

వేసవి సంగతి వేరు. మాది ఖమ్మం, మే నెలలో 40 డిగ్రీలు మాకు మామూలే. మందపాటి రబ్బరు కవరు, పైగా ఛార్జింగ్ పెట్టి మరీ చూడటం. ఫోన్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు 720 కూడా తడబడుతుంది. కవరు తీసి, ఛార్జర్ పీకితే కాసేపట్లో మామూలవుతుంది.

సర్వీస్ కుర్రాడు చెప్పిన అప్‌డేట్ మాట మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. ఆండ్రాయిడ్ 10 నుంచి వీడియో విప్పే సాఫ్ట్‌వేర్, ఫోన్ కంపెనీతో పనిలేకుండా గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్‌గా కూడా వస్తోంది. ఏవీ1 కోసం వీఎల్‌సీ వాళ్ల డేవ్‌1డీ అనే వేగవంతమైన డీకోడర్‌ని గూగుల్ 2024లో ఆండ్రాయిడ్‌లోకి తెచ్చుకుంది. నా ఫోన్‌లో ఆ అప్‌డేట్ పెండింగ్‌లోనే పడి ఉంది. ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాక 1080 వీడియోల్లో కూడా వదిలేసే ఫ్రేములు తగ్గాయి. పోలేదు, తగ్గాయి.

ఇక నెట్‌లో అందరూ చెప్పే చిట్కాలు. ర్యామ్ బూస్టర్, క్లీనర్ యాప్‌లు దండగ, ఆ యాప్‌ల యాడ్స్ వల్ల ఇంకాస్త బరువు. స్టోరేజీ లోంచి ర్యామ్ పెంచే ఆప్షన్‌తో వీడియోకి ఒరిగేదేమీ లేదు. డెవలపర్ ఆప్షన్స్‌లో యానిమేషన్ స్కేల్ తగ్గిస్తే మెనూలు చకచకా తెరుచుకుంటాయి, అంతే. 'డిజేబుల్ హెచ్‌డబ్ల్యూ ఓవర్‌లేస్' ఆన్ చేయమని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అది తెర కూర్పు పనంతా జీపీయూ (చిప్‌లో గ్రాఫిక్స్ చూసుకునే భాగం) మీద వేస్తుంది, బ్యాటరీ తినడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

పెన్‌డ్రైవ్ వీడియోల గురించి ఒక్క మాట. మా ఇంట్లో పెళ్లయ్యాక వీడియోగ్రాఫర్ ఎడిట్ చేయని 4కే క్లిప్పులు కూడా ఇచ్చాడు. ఓటీజీతో పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి తగిలించి తెరిస్తే మాట వస్తోంది, బొమ్మ బిగుసుకుపోయింది. వీఎల్‌సీలో, ఎంఎక్స్ ప్లేయర్‌లో హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ డీకోడర్లు మార్చి చూసినా అంతే. అవి 10 బిట్, 4:2:2 రకం ఫైళ్లు, అంటే ఎడిటింగ్ కోసం రంగుల వివరాలు ఎక్కువగా దాచినవి. మామూలు ఫోన్ చిప్‌లు వాటిని విప్పలేవు. "1080పీలో, హెచ్.264లో ఇంకో కాపీ ఇవ్వు తమ్ముడూ" అని, ఫోన్లన్నిటికీ అలవాటైన పాత కోడెక్‌లో అడిగితే ఇచ్చాడు, ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఆడుతోంది.

ఈ సర్దుబాట్లతో ఫోన్ ఇప్పుడు బాగానే నడుస్తోంది, మార్చే ఆలోచన లేదు. కానీ ఇదే ధరకి మళ్లీ కొంటారా అంటే, క్రికెట్ ఎక్కువ చూసేవాళ్లకి చెప్పను. కొనేముందు షాపులో వాళ్లు పెట్టే డెమో వీడియో చూసి మురిసిపోవద్దు, అది ఆ ఫోన్‌కి నప్పేలా చేసిందే. మీ డేటా హాట్‌స్పాట్ ఇచ్చి, యూట్యూబ్‌లో 1080పీ60 హైలైట్స్ పెట్టి, నల్ల పట్టీ తెరిచి పది నిమిషాలు చూడండి. చూడనివ్వకపోతే పక్క షాపుకి వెళ్లండి.