చిన్న పెట్టెకు ఇత్తడి మూలబిళ్లలు: వరంగల్ చౌరస్తా నుంచి పెంబర్తి దాకా

మా చెల్లెలి కూతురి పెళ్లికి ఇవ్వడం కోసం, ఇంటి దర్వాజలు చేయించగా మిగిలిన టేకు చెక్కలతో నేనే ఒక భరిణెల పెట్టె చేశాను. పొడవు 10 అంగుళాలు, వెడల్పు 7, ఎత్తు 5. చెక్క మందం నాలుగు సూతులు, అంటే అరంగుళం. కోయడం, అతకడం, గరుకు కాగితం పట్టడం రెండు ఆదివారాల్లో ముగిశాయి. దానికి తగిన ఇత్తడి సామాను, అంటే ఎనిమిది మూలబిళ్లలు, రెండు చిన్న కబ్జాలు, ఒక కొండీ సమకూర్చుకోవడానికి మాత్రం దాదాపు రెండు నెలలు పట్టింది.

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల నేను తిరిగిన హార్డ్‌వేర్ దుకాణాల్లో సామానంతా తలుపుల కొలతల్లోనే ఉంది. మూడంగుళాలకు తక్కువ కబ్జా అడిగితే వింతగా చూశారు. ఒక దుకాణంలో పెద్దాయన, "గింత చిన్నయి ఎవలడుగుతరు సారూ, అందరికీ తలుపులకే గద కావాలె" అంటూనే, అటక మీది రేకు డబ్బా దింపించి, దుమ్ము దులిపి, అంగుళం కబ్జాలు ఒక జత వెదికి ఇచ్చాడు. అచ్చమైన ఇత్తడి, జత 90 రూపాయలు; ఆ ఓపికకు నేను ఆ దుకాణానికి నిండు మార్కులు వేస్తాను. అయితే వాటితో పాటు ఇచ్చిన స్క్రూలు ఆరు సూతుల పొడవున్నవి. నాలుగు సూతుల చెక్కకు వాటిని బిగిస్తే మొనలు లోపలికి పొడుచుకువచ్చి, భరిణె తీయబోయిన చేతిని గీరుతాయి. ఇలాంటి పెట్టె చేసేవారు మూడు సూతుల స్క్రూలు విడిగా అడిగి తీసుకోవాలి. అక్కడే తీసుకున్న కొండీ గురించి తరువాత చెబుతాను.

మూలబిళ్లలు ఆ దుకాణాల్లో లేవు. ఆన్‌లైన్‌లో 'పాతకాలపు ఇత్తడి' అని రాసి అమ్మేవి 12 తెప్పించాను. ఫొటోలో బరువుగా కనిపించినవి చేతిలోకి వచ్చేసరికి అప్పడంలా తేలికగా ఉన్నాయి. అయస్కాంతం దగ్గరికి తీసుకువెళ్లగానే టక్కున అతుక్కున్నాయి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం కనుక అలా అతుక్కోదు. ఇనుప రేకు మీద పసుపు పూత వేశారన్నమాట. అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన ఇత్తడే అనుకోవడానికీ లేదు, ఎందుకంటే జింకుతో పోతపోసి రంగు వేసినవీ అంటుకోవు. బిళ్ల లోపలివైపు ఆకురాయితో ఒక్క గీత గీస్తే తెలుపో పసుపో తేలిపోతుంది. తిప్పి పంపుతామంటే తీసుకోవడానికి ఆ అమ్మకందారు ఒప్పుకోలేదు.

కరీంనగర్ వెండి తీగపని కూడా ఒకసారి మనసులో మెదిలింది గానీ, అత్తరుదానులకు, పాందానులకు పనికివచ్చే ఆ సన్నని అల్లిక రోజూ దెబ్బలు తినే పెట్టె మూలలకు నిలవదు. పైగా ధర నా తాహతుకు మించినది. చివరికి హన్మకొండ నుంచి హైదరాబాద్ దారిలో సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెంబర్తికి వెళ్లాను. 2016లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచి ఈ ఊరు జనగామ జిల్లాలో ఉంది. ఇక్కడి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. రథాలకు, గుడి తలుపులకు తొడుగులు చేసే కంచరులు నా ఎనిమిది బిళ్లల పనిని పట్టించుకుంటారా అన్న అనుమానంతోనే ఒక చిన్న పనిశాల మెట్లెక్కాను.

కొలతలు రాసిన కాగితాన్ని పెద్దాయన చూడనైనా చూడలేదు. "పెట్టె తేలేదా బిడ్డా? కొలత కాగితం మీద గాదు, పెట్టె మీద తీయాలె" అన్నాడు. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది గానీ, మరుసటి ఆదివారం పెట్టెను సంచిలో పెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయన మూలమట్టం పెట్టి చూపిస్తే ఎనిమిది మూలల్లో సరిగ్గా ఉన్నవి మూడే. అందుకే ఒక్కో మూలకు ఒక్కో రేకు కత్తిరించాడు. రేకును ఎర్రబడేలా కాల్చి మెత్తబరిచి, లక్క పరిచిన పలక మీద అతికించి, సన్నని ఉలితో వెనకవైపు నుంచి తామరరేకుల వరుస ఉబ్బెత్తుగా కొట్టి, తరువాత మూడు వైపులా మడిచి, అంచులు కలిసేచోట టంకం పెట్టాడు. పూర్తయిన బిళ్లల లోపలివైపు ఒకటి నుంచి ఎనిమిది దాకా చుక్కలు పొడిచి, పెట్టె మూలల మీద అవే అంకెలు పెన్సిల్‌తో వేశాడు.

ఆ అంకెల విలువ తెలియక, ఇంటికి రాగానే చెక్కకు నూనె పట్టించి వాటిని తుడిచిపెట్టుకున్నాను. ఏ బిళ్ల ఏ మూలదో తేల్చుకోవడానికి ఒక సాయంత్రమంతా పోయింది. సరైన చోట పెట్టినప్పుడు మాత్రం బిళ్లకూ చెక్కకూ మధ్య గోరు కూడా దూరలేదు. బిగించేటప్పుడు ఇత్తడి స్క్రూ తల ఒకటి తెగిపోయింది; ఆ తరువాత ముందుగా అదే కొలత ఇనుప స్క్రూతో దారి చేసి, దాన్ని తీసేసి ఇత్తడిది ఎక్కించాను, మళ్లీ ఏదీ తెగలేదు.

మొత్తం 1,600 రూపాయలైంది. ఆన్‌లైన్ ధరతో పోలిస్తే ఎక్కువే, ఆ పనితనానికి మాత్రం తక్కువ. నాకున్న ఫిర్యాదు గడువు గురించే. పది రోజులన్నది ఇరవై రెండు రోజులైంది. గుడి పని ఒకటి అడ్డొచ్చిందని నేను ఫోన్ చేశాకే చెప్పారు. రసీదు కూడా ఇవ్వలేదు. పెళ్లి ముహూర్తం దగ్గరపడినవారు కనీసం నెల ముందుగా వెళ్లడం మంచిది, పెట్టెను వెంట తీసుకుని మరీ.

ఇక హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న ఆ కొండీ తామరరేకుల పక్కన బోసిగా ఉండటమే కాక, మూత వేసినప్పుడల్లా లొడలొడలాడుతోంది. దాన్ని విప్పి కాగితంలో చుట్టి పెట్టాను. వచ్చే ఆదివారం పెట్టెతో సహా మళ్లీ పెంబర్తి బస్సెక్కాలి.