విశాఖ ముందు, బెజవాడ చివర: చంటిపిల్లలతో చుట్టాలిళ్లకు రైల్లో

బెజవాడలో పిన్నిగారిల్లు, రాజమండ్రిలో మేనత్తగారిల్లు, విశాఖలో బావగారిల్లు. హైదరాబాద్ కుటుంబాల చుట్టపుచూపు చాలావరకు ఈ ఒక్క రైలు దారి మీదే సాగుతుంది. దగ్గరి ఊరితో మొదలుపెట్టి దూరానికి వెళ్లడం అందరికీ అలవాటు. పిల్లలు ఐదేళ్లలోపు వాళ్లయితే దీన్ని తిరగేయడం మంచిది. పిల్లలు ఇంకా అలిసిపోకముందే, ఒక్క రాత్రి నిద్రలో విశాఖ చేరిపోవాలి. తిరుగు దారిలో పగటిపూట చిన్నచిన్న దూరాలుగా రాజమండ్రి, బెజవాడ చూసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ సరిపోతుంది. సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కితే పొద్దున్నే విశాఖలో దింపుతుంది. రాజమండ్రికి మాత్రం ఈ బండి పనికిరాదు, నడిరాత్రి దిగాల్సి వస్తుంది. నేరుగా రాజమండ్రి వెళ్లేవాళ్లు తెల్లవారుజామున చేర్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ చూసుకోవాలి. వందేభారత్ రెండున్నాయి, రెండూ వారానికి ఆరు రోజులే. సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున 5 ప్రాంతంలో బయల్దేరేదానికి పిల్లల్ని మూడున్నరకే లేపాలి, ఆ రోజంతా వాళ్ల ఏడుపే. మధ్యాహ్నం 3 ప్రాంతంలో బయల్దేరేది బెజవాడ దాకా హాయిగా ఉంటుంది. విశాఖ చేరేసరికి మాత్రం రాత్రి 11 దాటుతుంది. రైలు వేళలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఒకసారి సరిచూసుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సంక్రాంతికి వెళ్లేవాళ్లు ఆ రోజు పొద్దున 8 గంటలకల్లా లాగిన్ అయి కూర్చోవాల్సిందే. పిల్లల వివరాల దగ్గరే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. ఐదేళ్లు నిండని బిడ్డ ఒళ్లోనో, మన బెర్తు మీదో పడుకుంటే టికెట్టే అక్కర్లేదు. పేరు రాయాలనుకుంటే ‘ఇన్‌ఫాంట్’ అన్న గడిలో రాయాలి. అలా కాకుండా మామూలు ప్రయాణికుల వరసలో మూడేళ్ల పాప పేరు ఎక్కిస్తే ఆమెకూ బెర్తు ఇచ్చి, పెద్దవాళ్ల చార్జీ మొత్తం పట్టేస్తారు. ఐదు నుంచి పన్నెండు లోపు పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. వందేభారత్ లాంటి చైర్‌కార్ బండ్లలో ఈ ‘వద్దు’ అనే అవకాశమే లేదు, సీటు తీసుకుని పూర్తిగా కట్టాలి. అందుకే నలుగురి కుటుంబానికి వందేభారత్ ఖర్చు అనుకున్నదానికంటే బాగా ఎక్కువవుతుంది.

బెర్తుల విషయంలో ఐఆర్‌సీటీసీలో ఒక ఆప్షన్ ఉంటుంది: కనీసం ఒక లోయర్ బెర్తు దొరికితేనే బుక్ చేయమని. దాన్ని తప్పకుండా ఎంచుకోవాలి. మిడిల్ బెర్తులో బిడ్డని పెట్టుకుని పడుకోవడం ప్రమాదం, పైగా పాలు పట్టడానికి లేచి కూర్చునే ఎత్తు కూడా ఉండదు. లోయర్‌లో బిడ్డని గోడవైపు పడుకోబెట్టి, బయటి అంచున పరిచిన దుప్పటి కింద ఇంకో దుప్పటి చుట్ట దూర్చితే గట్టులా నిలుస్తుంది. సైడ్ లోయర్ అయితే రెండు సీట్ల వీపులు వాల్చి కలిపిన చోట సందు వస్తుంది. చిన్న చెయ్యి అందులో ఇరుక్కోవచ్చు, కాబట్టి మడిచిన దుప్పటి ముందు అక్కడ పరిచి, ఆ తర్వాతే పక్క వెయ్యాలి. ఆర్‌ఏసీ (పూర్తి బెర్తు ఖాయం కాని టికెట్) వస్తే ఆ సైడ్ లోయర్ కూడా ఇంకొకరితో పంచుకోవాలి. పిల్లలతో ఆ పని పెట్టుకోకండి, తేదీ మార్చుకోవడమే నయం.

విశాఖలో దిగే స్టేషన్ ఏదో చుట్టాలిల్లు ఎక్కడుందో చూసి తేల్చుకోవాలి. గాజువాక, కూర్మన్నపాలెం వైపు వాళ్లయితే దువ్వాడలో దిగితే ఊరు అడ్డంగా దాటే పని తప్పుతుంది. గోదావరి అక్కడ ఆగుతుంది.

ఇక బస. హోటల్లో గది తీసుకుని ఉంటామంటే చుట్టాలు నొచ్చుకుంటారు, నిజమే. కానీ రెండు గదుల ఫ్లాట్‌లో రెండు కుటుంబాలు, ఒకటే బాత్రూమ్ అయితే మూడో రోజుకి ఆప్యాయత మీద ఒత్తిడి పడుతుంది. భోజనాలు, కబుర్లు వాళ్లింట్లో, పడక మాత్రం దగ్గర్లోని హోటల్లో అని ముందే ఫోన్లో చెబితే ఎవరికీ బాధ ఉండదు. గుమ్మంలో నిలబడి చెబితేనే చిక్కు. ఏ ఊళ్లోనైనా రెండు రాత్రులకు తక్కువ పెట్టుకోవద్దు. రోజుకో ఇంట్లో పడుకుంటే పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు. విశాఖలో బీచ్ రోడ్డు హోటళ్లకు అందం ఎక్కువ, ద్వారకానగర్ వాటికి సౌకర్యం ఎక్కువ: స్టేషను, ఆర్టీసీ కాంప్లెక్సు, మందుల షాపులు అన్నీ చేరువలో ఉంటాయి. పొద్దున్నే దిగేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న 24 గంటల చెకవుటా, లేక మధ్యాహ్నం 12 లెక్కా అని. రెండోదైతే ఆరు గంటలు లాబీలో సామానుతో కూర్చోవాలి, లేదా ఒకరోజు అద్దె అదనంగా కట్టాలి. దానికంటే స్టేషన్ రిటైరింగ్ రూమ్‌ను టికెట్ మీది పీఎన్‌ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లో 12 గంటలకు తీసుకుని, స్నానాలు కానిచ్చి బయటపడటం చవక.

విశాఖలో పిల్లలకు అన్నిటికంటే నచ్చేది జూ పార్క్. మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి కూడా బాగుంటుంది గానీ లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతల్లోంచి వంగి దాటాలి. చంకలో బిడ్డతో అది కష్టం, ఒకరు బయట ఉండిపోవడం మేలు. సోమవారం ఈ రెండూ మూసేస్తారు, ఆ రోజు కైలాసగిరికి పెట్టుకోండి. ఆర్కే బీచ్‌లో ఇసుకలో ఆడుకోనివ్వండి గానీ నీళ్లలోకి దింపొద్దు, అలలు వెనక్కి లాగే జోరు అక్కడ చాలా ఎక్కువ. అరకు ఈసారికి వదిలేయండి. కిరండూల్ బండిలో విస్టాడోమ్ (అద్దాల పైకప్పు పెట్టె) ఎంత ఊరించినా, పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, మధ్యలో బొర్రా గుహల మెట్లు. మూడేళ్ల పిల్లాడు అన్నీ ఎక్కడు, మనమే ఎత్తుకోవాలి.

రాజమండ్రికి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే సుమారు 200 కిలోమీటర్లు, మూడు గంటల పైచిలుకు. మధ్యాహ్నం బయల్దేరే బండి కాబట్టి పిల్లలు అన్నం తిని కునుకు తీస్తారు. స్టేషన్‌లో ఆగేది కొద్దిసేపే. ద్వారపూడి దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చి, పిల్లలకు చెప్పులు తొడిగేయాలి. ఊరి దగ్గర్లోని కడియం నర్సరీలు చూపించండి. పాపికొండల లాంచీ పిల్లలు పెద్దయ్యాక వెళ్లొచ్చు: రోజంతా పడవలోనే ఉండాలి, చిన్న సైజు లైఫ్ జాకెట్ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

వేసవైతే ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు వెంట ఉంచుకోండి. పెద్ద పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. గ్లాసుకింత అని అంచనాగా వేస్తే ఉప్పు ఎక్కువై విరేచనాలు ఇంకా ముదరొచ్చు.

రాజమండ్రి నుంచి బెజవాడకు ఎక్కిన కొద్ది నిమిషాలకే గోదావరి వంతెన వస్తుంది, కాబట్టి ముందు పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, సామాను తర్వాత సర్దుకోవచ్చు. బెజవాడలో కొండమీది అమ్మవారి దర్శనానికి దసరా రోజులు, శుక్రవారాలు తప్పించండి. భవానీ ద్వీపానికి ఎండ తగ్గాక వెళ్లాలి. అక్కణ్ణుంచి ఇంటికి, విశాఖలో పొద్దున్నే బయల్దేరే వందేభారత్ 10 ప్రాంతంలో బెజవాడ వస్తుంది, మధ్యాహ్నం 2 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో ఉంటారు. చీకటి పడేలోపు బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసి, పిల్లల్ని మర్నాటి స్కూలుకి సిద్ధం చేసుకునే వ్యవధి దొరుకుతుంది.