ఫీవర్ ప్యాకేజీ: జ్వరం ఎన్నో రోజో అడగని పరీక్ష

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబుల ఫీవర్ ప్యాకేజీలో మామూలుగా సీబీపీ (రక్తకణాల లెక్క), మలేరియా, డెంగీ ఎన్‌ఎస్1 (రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ని పట్టేది), వైడాల్ (టైఫాయిడ్ కోసం చేసేది), మూత్ర పరీక్ష ఉంటాయి. మంచంలోంచి లేవలేని మనిషికి ఈ సౌకర్యం నిజంగా మేలే. కానీ జ్వరం మొదలై ఎన్నో రోజని బుకింగ్‌లో చాలాచోట్ల అడగరు. పరీక్ష పనికొచ్చేదీ లేనిదీ దాన్నిబట్టే తేలుతుంది.

ఎన్‌ఎస్1 మొదటి ఐదు రోజుల్లోనే నమ్మదగ్గది. ఆ తర్వాత నెగెటివ్ వచ్చినా డెంగీ లేదనుకోవద్దు, ఐజీఎం (డెంగీకి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల పరీక్ష) చేయించాలి. సీబీపీలో ప్లేట్‌లెట్లు ఒక్కటే కాదు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వంతు) కూడా చూడాలి. అది పెరుగుతుంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోతోందన్నమాట. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగాక, ఆ ఒకట్రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వైడాల్‌కి డబ్బు దండగ. రిపోర్టులో ‘టైఫీ ఓ 1:80’ (యాంటీబాడీల స్థాయి చెప్పే అంకె) అని కనబడగానే టైఫాయిడ్ అనేస్తారు. మన దగ్గర ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఆ అంకె వస్తుంది. అనుమానముంటే బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించాలి, అదీ యాంటీబయాటిక్ పడకముందే. ముందే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

ఏ ప్యాకేజీకీ దొరకనిది ఒకటుంది. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడితే అది స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడంతో వచ్చే జ్వరం) కావచ్చు. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. బట్ట తొలగించి చూసే డాక్టరే దాన్ని పట్టుకోగలరు.

అందుకే ముందు ఎం.డి. జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని కలిసి, వాళ్లు రాసిన పరీక్షలే విడిగా చేయించుకోండి. పిల్లలకైతే పిల్లల డాక్టర్. మూడు నెలల లోపు పసివాళ్లకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ ఆపైన గానీ ఉంటే అదే పూట తీసుకెళ్లాలి. మూడు వారాలైనా కారణం తేలని జ్వరానికి ఇన్ఫెక్షియస్ డిసీజ్ నిపుణులు, దాంతోపాటు కీళ్లు వాస్తే రుమటాలజిస్టు. మెడ బిగుసుకున్నా, మాట తడబడినా నేరుగా ఎమర్జెన్సీకే. ఈలోపు పెద్దవాళ్లకి పారాసిటమాల్ 650, ఆరు గంటలకొకటి చాలు. డెంగీ కాదని తేలేదాకా ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.