పొలమా, బాండ్లా? ఆడమ్స్ దంపతుల ఉత్తరాల్లో డబ్బు పేచీ

అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగెయిల్ రాసుకున్న ఉత్తరాలు వెయ్యికి పైనే మిగిలాయి. ప్రేమ కబుర్లుంటాయని మొదలుపెట్టాను గానీ, నన్ను పట్టేసింది డబ్బు పేచీ. చేతిలో ఉన్న నాలుగు డబ్బులు పొలం మీద పెట్టాలా, ప్రభుత్వ బాండ్ల మీద పెట్టాలా?

జాన్‌ది అచ్చం రైతు బుద్ధి. తను రాయబారిగా యూరప్‌లో ఉన్నా మనసంతా మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలోనే, ఊళ్లో పొలం అమ్మకానికొస్తే కొనేద్దామనే రకం. ఇల్లు నడిపేది అబిగెయిల్ కాబట్టి ఆవిడకి అసలు కష్టం తెలుసు: పన్నులు ఎక్కువ, కూలీలు దొరకరు, దొరికినా కూలి ఎక్కువ, చివరికి మిగిలేది అంతంతే. అదే బాండ్లయితే 6 శాతం వడ్డీ, పైగా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ప్రభుత్వం ఇచ్చిన రుణపత్రాలు బజార్లో ముఖ విలువ కంటే బాగా తక్కువకి దొరికేవి. 1790లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం పాత అప్పుల బాధ్యత తీసుకునేసరికి అవి దాచుకున్నవాళ్ల పంట పండింది. జీతం బదులు ఇచ్చిన కాగితాన్ని అవసరానికి తెగనమ్ముకున్న సైనికుడికి మాత్రం ఏమీ దక్కలేదు, ఇది నాకు మింగుడుపడదు.

మూడో దారి కూడా ఉంది, చిల్లర వ్యాపారం. 1775లోనే గుండుసూదుల కట్ట ఏడున్నర షిల్లింగుల నుంచి 20కి పెరిగింది, ఒక కట్ట కొని పెట్టెలో వేసుకు రమ్మని భర్తకి రాసిందావిడ. తర్వాత యూరప్ నుంచి చేతిరుమాళ్లు, రిబ్బన్లు తెప్పించుకుని అమ్మించింది. మూడు సరుకుల్లో ఒకటి సముద్రం దాటి చేరినా లాభమేనట!

అంత లెక్క తెలిసిన మనిషీ 1782లో భూమికే పడిపోయింది. వెర్మాంట్‌లో 1,650 ఎకరాలు, భర్తకీ నలుగురు పిల్లలకీ తలా 330. తన పేరున సెంటు కూడా లేదు, పెళ్లైన ఆడదానికి చట్టం ఆస్తి ఒప్పుకునేది కాదు మరి. ఇక వెర్మాంట్ జోలికి పోకు అని జాన్ జవాబు రాశాడు, కానీ ఉత్తరం సముద్రం దాటేసరికి నెలలు, అప్పటికే పని అయిపోయింది.

ఏది మేలంటే నా ఓటు బాండ్లకే. కాగితాలన్నీ భద్రమని మాత్రం అనను: 1803లో లండన్ బ్యాంకు ఒకటి దివాలా తీసి వీళ్ల డబ్బు దాదాపు 13,000 డాలర్లు ఇరుక్కుపోతే, కొడుకు జాన్ క్విన్సీ తన ఆస్తి అమ్మి తల్లిదండ్రులను ఆదుకున్నాడు.

ఆ బాండ్ల డబ్బులో కొంతని ఆవిడ మొదట్నుంచీ "నాది" అనే చెప్పుకుంది. 1816లో వీలునామా కూడా రాసింది, చట్టం దృష్టిలో చెల్లనిది, అందులో వాటాలు ఎక్కువగా మనవరాళ్లకీ మేనకోడళ్లకీ పనిమనుషులకీ. రెండేళ్లకి ఆవిడ పోయాక ఇంట్లోవాళ్లు దాన్ని మన్నించారు.