వాదించడమా, క్లెయిము సవరించడమా? కాగితాలను పేర్చి సర్దే యంత్రానికి పేటెంటు పరీక్షలో ఏది మేలు?

ప్రింటింగ్ ప్రెస్సులో కటింగుకు ముందు కాగితాల కట్టను సర్దే పనివాడి చేతులను దగ్గరగా చూసినవారికి ఒక విషయం అర్థమవుతుంది. అతను కట్టను విల్లులా వంచి కాగితాల మధ్యకు గాలి పోనిస్తాడు, ఆ తర్వాత అంచును బల్లకు తడతాడు, తట్టే క్షణంలో మాత్రం వేళ్ల పట్టు వదులు చేస్తాడు. పట్టు వదలకుండా తడితే కాగితం అంచు నలుగుతుందే గాని వరుసలోకి రాదు. పెద్ద కాపీయర్లకూ ప్రింటర్లకూ చివర అమర్చే స్టాకరు చేయవలసిన పని కూడా ఇదే. 80 జి.ఎస్.ఎం. ఎ4 కాగితం ఒక్కటీ సుమారు 5 గ్రాములే తూగుతుంది. అంత తేలికైన దాన్ని గాలీ, స్థిరవిద్యుత్తూ, వేడికి వచ్చిన వంపూ మూడూ కలిసి పక్కకు లాగుతుంటే, పైన పడిన ప్రతి కాగితాన్నీ కింది కాగితాల అంచుకు సరిగ్గా చేర్చడం చెప్పినంత తేలిక కాదు. అలాంటి యంత్రానికి పేటెంటు అడిగినప్పుడు వచ్చే అభ్యంతరానికి ఎలా జవాబివ్వాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒక నమూనా యంత్రాన్ని తీసుకుందాం. రోలర్ల నుంచి బయటికి వచ్చిన కాగితం వాలుగా ఉన్న ట్రే మీద పడుతుంది. రబ్బరు రెక్కలున్న పాడిల్ చక్రం దాన్ని వెనక్కి లాగి వెనుక గోడకు ఆనిస్తుంది. ఇరువైపులా ఉన్న పలకలు లోపలికి కదిలి పక్క అంచులను తడతాయి. ఇంతవరకూ ఉన్నవన్నీ పాత సంగతులే. ఆవిష్కర్త కనిపెట్టింది వేరు: రబ్బరు రెక్క కాగితాన్ని ఇంకా నొక్కి ఉండగానే పక్క పలక తగిలితే, ఆ కాగితం రెక్క కింద మెలితిరిగి ఒక మూల పైకి లేస్తుంది, తర్వాత వచ్చే కాగితం ఆ మూలకు గుద్దుకొని ఆగిపోతుంది. అందుకని అతను ఒకే షాఫ్టు మీద రెండు క్యాములు (తిరుగుతూ పక్క భాగాన్ని నెట్టే ఎగుడుదిగుడు చక్రాలు) బిగించి, రెక్క కాగితాన్ని వదిలాకే పలక అంచును తాకేలా అమర్చాడు. అయితే దరఖాస్తులో మొదటి క్లెయిము, అంటే రక్షణ కోరే హద్దును చెప్పే వాక్యం, ఈ సంగతి చెప్పదు. కాగితాలను అందుకొనే ట్రే, వాటిని వెనుక గోడ వైపు లాగే భాగం, కాగితం పడిన ప్రతిసారీ కదిలి పక్క అంచులను సరిచేసే భాగం, ఈ రెండింటినీ నడిపే చోదక భాగం ఉన్న స్టాకరు అని మాత్రమే చెబుతుంది. వెడల్పుగా రాస్తే రక్షణ ఎక్కువన్న ఆశతో ఇలా రాయడం మన దగ్గర మామూలే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వేసిన దరఖాస్తు చెన్నై పేటెంటు కార్యాలయ పరిధిలోకి వస్తుంది. పరీక్షాధికారి వెతకడం మొదలుపెట్టే చోటు కూడా తెలిసినదే: అంతర్జాతీయ వర్గీకరణలో బి65హెచ్ 31/34, అంటే పేర్చిన వస్తువుల అంచులను సరిచేసే పరికరాలు. అక్కడ దశాబ్దాల పాటు పేరుకున్న పేటెంట్లు ఉన్నాయి. కాబట్టి మొదటి పరీక్షా నివేదికలో, అంటే ఎఫ్‌ఈఆర్‌లో, డి1 అని పేరు పెట్టిన ఒక పాత పత్రంలో పక్క పలకలు ఉన్నాయనీ, డి2 అనే మరో పత్రంలో పాడిల్ చక్రం ఉందనీ, రెండింటినీ కలపడం ఆ రంగంలో నేర్పున్నవాడికి తట్టేదేననీ పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జెఎ) కింద ఒక అభ్యంతరం వస్తుంది. దాని వెంటే సెక్షన్ 3(ఎఫ్) కింద ఇంకొకటి వస్తుంది: తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన, వాటిలో ప్రతిదీ మిగతావాటితో సంబంధం లేకుండా తెలిసిన పద్ధతిలోనే పనిచేస్తుంటే, అది ఆవిష్కరణ కాదు. జవాబుకు 6 నెలల గడువు ఉంటుంది, కోరితే మరో 3 నెలలు పొడిగిస్తారు.

మొదటి మార్గం, క్లెయిమును ముట్టుకోకుండా వాదించడం. దీనికి ఆకర్షణ ఉంది. క్లెయిము వెడల్పు తగ్గదు, నెగ్గితే రెక్కా పలకా ఉన్న ప్రతి స్టాకరూ దాని కిందికి వస్తుంది. "డి1నూ డి2నూ కలపమని ఏ పత్రమూ చెప్పలేదు" అన్నది చాలామంది ఎంచుకొనే వాదన. ఈ వాదన బలం ఎంతో చూడాలంటే 2007లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన కె.ఎస్.ఆర్.-టెలిఫ్లెక్స్ కేసును గుర్తు చేసుకోవాలి. అందులో వివాదం కారు పెడలు గురించి: ముందుకూ వెనక్కీ సర్దుకొనే పాత పెడలుకు ఎలక్ట్రానిక్ సెన్సారును కదలని ఇరుసు దగ్గర అమర్చారు. తెలిసిన భాగాలు తమ తెలిసిన పనినే చేస్తూ, ఊహించదగిన ఫలితాన్నే ఇస్తున్నప్పుడు, "కలపమని ఎక్కడా రాయలేదు" అన్నంత మాత్రాన పేటెంటు నిలవదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. మన సుప్రీంకోర్టు 1978లోనే బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో, లేతు మీద గిన్నెలను పట్టి ఉంచే సాధనం విషయంలో, వర్క్‌షాపులో ఎవరైనా చేసుకొనే మెరుగుదల స్థాయిని దాటినది ఏదో ఉండాలని చెప్పింది. మెకానికల్ దరఖాస్తుల్లో ఈ తీర్పు ప్రస్తావన ఈనాటికీ వస్తూనే ఉంటుంది.

అయినా ఈ మార్గంలోని అసలు లోపం తీర్పుల్లో లేదు, క్లెయిములోనే ఉంది. ఆవిష్కర్త తరఫున ఎంత గట్టిగా "రెక్క వదిలాకే పలక తాకుతుంది, అదే మా గొప్ప" అని రాసినా, ఆ మాట క్లెయిములో లేదు. "మీరు చెబుతున్న సంబంధం క్లెయిములో కనిపించడం లేదు" అని పరీక్షాధికారి ఒక్క వాక్యంలో తిప్పికొడతాడు, ఆ తిప్పికొట్టడం న్యాయమే. సెక్షన్ 3(ఎఫ్) మాటలు మళ్లీ చదవండి: అభ్యంతరం భాగాలు పాతవి కావడం మీద కాదు, అవి దేనికవిగా పనిచేయడం మీద. ఒకదాని కదలిక ఇంకొకదాని కదలికను కట్టడి చేస్తోందని చూపగలిగితే ఆ సెక్షన్ అక్కడికక్కడే వర్తించకుండా పోతుంది. చూపవలసిన చోటు క్లెయిము. జవాబు లేఖలో చూపితే చాలదు.

వాదిస్తే పోయేదేమీ లేదన్న నమ్మకం కూడా నిజం కాదు. జవాబులో రాసిన ప్రతి మాటా దరఖాస్తు రికార్డులో, అందరూ ఆన్‌లైన్లో చదివేలా నిలిచిపోతుంది. "మా యంత్రంలో రెక్కా పలకా ఒకేసారి కాగితాన్ని తాకవు" అని వాదించి పేటెంటు తెచ్చుకున్నాక, రెండూ క్షణకాలం కలిసి తాకే పోటీ యంత్రం మీద దావా వేస్తే, అమెరికాలో ఆ వాదననే మన మీదికి తిప్పుతారు. సవరణ చేయకపోయినా, వాదనతోనే వదులుకున్నట్టు లెక్క.

రెండవ మార్గం, ఆ సంబంధాన్ని క్లెయిములోకి తేవడం. సవరణకు మన చట్టం పెట్టిన హద్దు సెక్షన్ 59లో ఉంది: మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషనులో, అంటే ఆవిష్కరణను వివరించే పత్రంలో, వెల్లడి చేయని దాన్ని చేర్చకూడదు, సవరించిన క్లెయిము పాత క్లెయిము పరిధి లోపలే పూర్తిగా ఒదగాలి. మన నమూనాలో రెండూ కుదురుతాయి. క్యాముల అమరిక బొమ్మల్లో ఉంది, పైగా దాన్ని చేర్చితే క్లెయిము ఇరుకవుతుందే తప్ప పెరగదు. కాబట్టి సవరించవచ్చా అన్నది సమస్య కాదు, ఎంతవరకు సవరించాలన్నదే సమస్య. నాకు ఈ వ్యవహారమంతటిలో ఎక్కువ శ్రద్ధ ఉన్నది ఇక్కడే, ఎందుకంటే చాలా మంచి యంత్రాలు తమ రక్షణను ఇక్కడే పోగొట్టుకున్నాయి.

గడువు ముంచుకొస్తున్న వేళ "ఒకే షాఫ్టు మీద 90 డిగ్రీల తేడాతో బిగించిన రెండు క్యాములు" అని బొమ్మలో ఉన్నది ఉన్నట్టు క్లెయిములోకి దింపేస్తారు. పేటెంటు త్వరగానే వస్తుంది. మరుసటి సంవత్సరం పోటీదారు క్యాములు తీసేసి రెండు స్టెప్పర్ మోటార్లు పెట్టి, అదే వరుసను కంట్రోలరు ప్రోగ్రాముతో నడిపిస్తాడు. ఆవిష్కరణ సారమంతా అతని యంత్రంలో ఉంటుంది, క్లెయిములోని మాటలు మాత్రం ఉండవు. ఇలాంటి చోట అమెరికా చట్టంలో డాక్ట్రిన్ ఆఫ్ ఈక్వివలెంట్స్, అంటే క్లెయిము మాటల్లో లేకున్నా దానికి సమానమైనదాన్నీ ఉల్లంఘనగా చూసే సూత్రం, ఆదుకుంటుందని అనుకోవచ్చు, కానీ పరీక్ష సమయంలో చేసిన సవరణే దానికి అడ్డు. ఫెస్టో కేసు ఇందుకు పాఠంలాంటిది. అయస్కాంతంతో నడిచే సిలిండరు పేటెంటులో, సవరణ ద్వారా రెండు సీలింగు రింగులూ, అయస్కాంతించదగిన పదార్థంతో చేసిన తొడుగూ అని చేర్చారు. పోటీ కంపెనీ ఎస్.ఎం.సి. ఒకే రింగుతో, వేరే పదార్థపు తొడుగుతో తయారు చేసింది. సవరించిన ప్రతిచోటా దారి పూర్తిగా మూసుకుపోదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు అన్నా, పాత క్లెయిముకూ సవరించినదానికీ మధ్య ఉన్న జాగాను వదులుకున్నట్టే మొదట భావించి, కాదని నిరూపించే భారం పేటెంటుదారు మీదే పెట్టింది. ఫెస్టో చివరికి ఆ భారం మోయలేకపోయింది.

మరి విరుద్ధ దిశలో, "రెండు భాగాలు ఒకదానికొకటి అడ్డురాకుండా సర్దేలా రూపొందించిన అమరిక యూనిట్" అని పనిని మాత్రం చెప్పి ఊరుకుంటే? అదీ ప్రమాదమే. యంత్రం క్లెయిములో పనిని మాత్రమే చెబితే, ఆ పని చేయగల పాత యంత్రం ఏది దొరికినా క్లెయిము పడిపోవచ్చు. 1997లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చిన ష్రైబర్ కేసులో దరఖాస్తుదారు అడిగింది పాప్‌కార్న్ గింజలు కొన్ని కొన్నిగా బయటికి వదిలే శంఖాకార మూతకు. ఎదురైన పాత పత్రం నూనె డబ్బా గరాటు. దానికి పాప్‌కార్న్‌తో సంబంధం లేకపోయినా, ఆ ఆకారం ఆ పని చేయగలదు కాబట్టి కొత్తదనం లేదన్నారు. దీనికి తోడు "యూనిట్", "మాడ్యూల్", "మెకానిజం" వంటి మాటలకు నిర్మాణపరమైన అర్థం లేదని తేలితే, 2015 నాటి విలియమ్‌సన్-సిట్రిక్స్ తీర్పు తర్వాత, అమెరికాలో ఆ క్లెయిము స్పెసిఫికేషనులో చూపిన నిర్మాణానికీ దాని సమానాలకూ కుదించుకుపోతుంది. అంటే వెడల్పు కోసం రాసిన మాట క్యాముల దగ్గరికే తిరిగి చేరుతుంది.

నా తీర్పు రెండవ మార్గం వైపే, అదీ మధ్యగా రాసినప్పుడు. "వెనక్కి లాగే భాగం కాగితాన్ని తాకే స్థితికీ, వదిలే స్థితికీ మధ్య కదులుతుంది, పక్క అంచులను సరిచేసే భాగం చోదక భాగంతో ఎలా జతపడి ఉంటుందంటే, లాగే భాగం వదిలే స్థితికి చేరాకే అది కాగితం అంచును తాకుతుంది" అన్న మాటలు క్లెయిములో ఉంటే చాలు. భాగాలున్నాయి, వాటి స్థితులున్నాయి, ఒకదాని కదలిక ఇంకొకదాని కదలికపై ఆధారపడడం ఉంది, సెక్షన్ 3(ఎఫ్)కి కావలసిన జవాబు క్లెయిములోనే ఉంది, క్యాము అన్న మాట మాత్రం లేదు. డిగ్రీలు, షాఫ్టు, క్యాములు కింది ఆధారిత క్లెయిముల్లోకి, అంటే మొదటి క్లెయిముకు మరిన్ని వివరాలు చేర్చే వాటిలోకి, వెళ్లవచ్చు. అయితే ఈ మధ్యస్థమైన మాటకు మొదటి రోజు దాఖలు చేసిన స్పెసిఫికేషనులో ఆధారం ఉండాలి. "క్యాములకు బదులు విడివిడి మోటార్లను వరుసగా నడిపి కూడా ఇదే ఫలితం పొందవచ్చు" అన్న రెండు వాక్యాలు అక్కడ ఉంటే చెన్నైలో జవాబు తేలికవుతుంది. అవి లేకుంటే యూరోపియన్ పేటెంట్ ఆఫీసులో ఆర్టికల్ 123(2) కింద, బొమ్మలోని ఒక లక్షణాన్ని మిగతావాటి నుంచి విడదీసి తెచ్చారన్న అభ్యంతరం తప్పదు.

ఒక చిక్కు మిగిలే ఉంది. ప్రెస్సులో పనివాడు తట్టేటప్పుడు వేళ్లు వదులు చేస్తాడు కదా, ఇది అందరికీ తెలిసినదే కదా అని హియరింగులో ప్రశ్న రావచ్చు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. అతను వదులు చేసేది పేర్చడం అయిపోయిన కట్టను. ఇక్కడ యంత్రం కాగితం ఒక్కొక్కటి వస్తుండగా, తర్వాతిది చేరేలోపు దొరికే వ్యవధిలో ఈ వరుసను పాటిస్తుంది. నిమిషానికి 60 పేజీల వేగంలో ఆ వ్యవధి మొత్తం ఒక సెకను. కాగితం మూల లేవడానికి కారణం రెక్క నొక్కిడి అని డి1, డి2లలో ఎవరూ గుర్తించలేదు. వాదనకు నిజమైన చోటు ఇదే: సవరించిన క్లెయిముకు తోడుగా, సమస్య కారణాన్ని కనుక్కోవడంలోనే కొత్తదనం ఉందని చూపడానికి. హియరింగు తర్వాత రాతపూర్వక వాదనకు ఇచ్చే 15 రోజుల్లో చెప్పవలసింది కూడా ఇంతే.

మూడవ మార్గంగా డివిజనల్ దరఖాస్తు (మొదటి దరఖాస్తు నుంచి విడదీసి వేసేది) గురించి అడుగుతుంటారు. వెడల్పైన క్లెయిమును అందులోకి తరలించి అక్కడ పోరాడవచ్చన్నది ఆలోచన. సెక్షన్ 16 కింద దానికి ఒకటికి మించిన ఆవిష్కరణలు ఉండాలి. అవి క్లెయిముల్లోనే ఉండనక్కరలేదనీ, స్పెసిఫికేషనులో వెల్లడైతే చాలనీ 2023లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం సింజెంటా కేసులో చెప్పింది. ట్రే దించే పద్ధతి వంటి వేరే ఆవిష్కరణ నిజంగా ఉంటే వేయండి. తిరస్కరణకు సిద్ధంగా ఉన్న పాత క్లెయిముకు రెండవ ప్రాణంగా మాత్రం అది పనికిరాదు.

సవరించకుండా వాదించడమే సరైన సందర్భం ఒకటి ఉంది. డి1లోని "పక్క పలకలు" నిజానికి కాగితం ట్రేలో వెడల్పు చూసి చేత్తో జరిపి వదిలేసే గైడ్లు అయితే, అవి కాగితం పడిన ప్రతిసారీ కదలవు. ఆ కదలిక మన మొదటి క్లెయిములో ముందే ఉంది. పరీక్షాధికారి డి1ను తప్పుగా చదివాడు. అప్పుడు డి1 పేరా సంఖ్యనూ, బొమ్మలోని భాగం సంఖ్యనూ ఎత్తిచూపి, డి2లోనూ అలాంటి పలక లేదని ఒక పేజీలో జవాబివ్వాలి. క్లెయిములో ఒక్క అక్షరం కూడా కదపనవసరం లేదు.