14416: పిల్లల కంటే ముందు పెద్దలు చెయ్యాల్సిన ఫోను

మనసు బాగోలేనప్పుడు ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్‌కు ఐదుకి మూడున్నర ఇస్తాం. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి చేసినా మాట్లాడే ఏర్పాటుంది, తెలుగులో చెప్పుకోవచ్చు. కోసిన ఒకటిన్నర మార్కుల్లో ఒకటి సేవలో ఉన్న లోటుకి, అర మార్కు మన ఇళ్ళలో దాన్ని వాడే తీరుకి. ఆ అర మార్కు కొయ్యడం న్యాయం కాదని తెలుసు, అయినా కోశాం.

ముందు వివరాలు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. నంబరు 14416, అది కలవకపోతే 1800-891-4416. దీన్ని నడిపే కేంద్రం మన బెంగళూరు హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. సాంకేతిక సాయం ట్రిపుల్ ఐటీ బెంగళూరుది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. విషయం తమ చేతుల్లో లేదనుకుంటే సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో అందిస్తారు, లేదా వెళ్ళాల్సిన ఆసుపత్రి చెబుతారు. 2024 అక్టోబరులో యాప్, వీడియో సదుపాయం వచ్చాయి. వీడియో మొదలైన రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. అయితే అది మనం కోరుకుని నొక్కే మీట కాదు, ఫోను పై అంచెకు వెళ్ళాక అక్కడి నిపుణులకు అవసరమనిపిస్తే వాడేది.

భాష ఎంచుకోమన్నప్పుడు పిల్లల చేత తెలుగే నొక్కించాలని పట్టుబట్టొద్దు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు మనసులో మాట చాలాసార్లు ఇంగ్లీషులోనో కన్నడంలోనో వస్తుంది. అమ్మ తెలుగులో మాట్లాడి, కూతురు వేరే రోజు ఇంగ్లీషులో మాట్లాడితే నష్టమేమీ లేదు. ఇంకో చిన్న సంగతి: మారతహళ్ళిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటూ ఆంధ్రా, తెలంగాణ సిమ్ములు వాడేవాళ్ళు "మేము ఉంటున్నది బెంగళూరులో" అని మొదటి మాటగానే చెప్పాలి. లేకపోతే వాళ్ళు సూచించే ఆసుపత్రి ఏ కర్నూలులోనో ఉండొచ్చు.

ఈ నంబరు బాగా పనికొచ్చేది తల్లిదండ్రులకే. పదిహేనేళ్ళ పిల్లవాడు గది తలుపు వేసుకుని కూర్చుంటే అతనితో ఏం మాట్లాడాలో తెలియక తిట్టేవాళ్ళే ఎక్కువ. ఆ తిట్టే ముందు చెయ్యాల్సిన ఫోను ఇది. చేసే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఏం మారింది, ఎప్పటినుంచి, ఇంతవరకు మీరేం చేశారు, చావు మాటలు గానీ ఒంటి మీద గాట్లు గానీ కనిపించాయా. "మావాడు మాట వినడండీ" అని మొదలుపెడితే సమయమంతా ఆ ఫిర్యాదుకే సరిపోతుంది. "మూడు వారాలుగా రాత్రి రెండింటిదాకా పడుకోవడం లేదు, టిఫిన్ ముట్టడం లేదు, వారంలో రెండు రోజులు పీయూ (ఇంటర్) కాలేజీ ఎగ్గొడుతున్నాడు" అంటే అవతలివాళ్ళకు పట్టు దొరుకుతుంది. చివర్లో "ఇవాళ రాత్రి వాడితో ఏ మాటతో మొదలుపెట్టాలి?" అని తప్పకుండా అడగండి. జబ్బు పేరేమిటని అడగడం కంటే ఇది మేలు. ఫోనులో పేరు పెట్టేంత సమాచారం వాళ్ళకు ఉండదు.

పిల్లలకు నంబరు అందించడంలోనే ఎక్కువ ఇళ్ళలో వ్యవహారం చెడుతుంది. మార్కుల గొడవ మధ్యలో ఫోను కలిపి, స్పీకరు పెట్టి, "ఇదిగో, మేడమ్‌తో చెప్పు నీ సంగతి" అని చేతికిస్తే ఆ రోజుతో 14416 కూడా బెత్తం జాబితాలో చేరిపోతుంది. ఏ గొడవా లేని రోజు, బండి మీదో లిఫ్టులోనో, ఎదురెదురుగా కూర్చోకుండా చెప్పాలి. మాట ఇంతే: "నాన్నా, ఈ నంబరు నా ఫోనులోనూ ఉంది, నీ ఫోనులోనూ పెట్టుకో. నువ్వు చేశావా లేదా అని అడగను, కాల్ లిస్టు చూడను." తర్వాత నిజంగానే చూడకూడదు. పిల్లల ఫోనులో నిఘా యాప్ ఉంటే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పెయ్యాలి, అది తర్వాత వాళ్ళంతట వాళ్ళకు తెలిస్తే ఇంకే మాటా నమ్మరు. టూ బీహెచ్‌కే ఇళ్ళలో పక్క గది గుసగుసలు కూడా వినబడతాయి కాబట్టి, ఇయర్‌ఫోన్లతో కింద పార్కులో నడుస్తూ మాట్లాడుకోనివ్వండి. లేదా మీరే ఒక గంట కూరగాయలకు వెళ్ళండి.

"ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాత్రం అనొద్దు. అది నిలబెట్టుకోలేని ఒట్టు. ప్రాణానికి ముప్పుందని తెలిస్తే కౌన్సెలరైనా మేనమామైనా ఇంకొకరికి చెప్పాల్సిందే. లైంగిక వేధింపు బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, చెప్పకపోతే అదే నేరం. ఇద్దరు పదిహేడేళ్ళ పిల్లలు ఇష్టపడి చేసినదానికి కూడా ఆ చట్టంలో మినహాయింపు లేదు. ఈ ముక్క పిల్లలకు ముందే తెలిసుండాలని మా అభిప్రాయం. తెలిస్తే ఫోను చెయ్యరేమోనని దాచిపెడితే, చేశాక మోసపోయామనుకుంటారు. "నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే, ఎవరైనా నిన్ను హింసిస్తుంటే తప్ప ఈ మాట దాటదు, దాటాల్సి వస్తే ముందు నీకే చెబుతాను" అంటే సరిపోతుంది.

చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగితే చాలామందికి కాస్త బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు, ఎలుకల మందు, పురుగుల మందు తాళం పెట్టండి, మేడ మీది తలుపు మూయించండి. అప్పుడిక 14416 కోసం క్యూలో ఆగొద్దు. 112కి చెయ్యండి, లేదా నేరుగా నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి, అది రాత్రీ పగలూ ఉంటుంది.

ఇక సేవకు కోసిన మార్కు సంగతి. ఈసారి మాట్లాడిన కౌన్సెలరే వచ్చేసారీ తగులుతారన్న భరోసా లేదు. పెద్దలకిది పెద్ద ఇబ్బంది కాదు. పదహారేళ్ళ అమ్మాయికి మాత్రం కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవడమంటే ప్రాణం మీదికొస్తుంది. నమ్మకం ఒక మనిషి మీద కుదురుతుంది, నంబరు మీద కుదరదు. అందుకే ఫోనుతోపాటు మారని మనిషి ఒకరు కావాలి. అది అమ్మానాన్నే కానక్కర్లేదు. పిన్ని, బాబాయి, పక్క వింగ్‌లో ఉండే ఆంటీ, క్రికెట్ కోచ్ ఎవరైనా సరే, వారానికి ఒకసారి మార్కుల ఊసెత్తకుండా అరగంట గడిపేవాళ్ళైతే చాలు. పిల్లలు చెప్పినవి అమ్మానాన్నలకు చేరేసే మనిషైతే ఆ ఏర్పాటు నెల కూడా నిలవదు.

ఇంట్లో గొడవంతా ఫోను, గేముల గురించే అయితే బీటీఎం లేఔట్‌లోని నిమ్హాన్స్ సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ మేలు. 2014లో మొదలైన షట్ క్లినిక్ ప్రత్యేకంగా ఈ పనికే. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి. పిల్లల్ని మాత్రమే పంపి తల్లిదండ్రులు బయట కూర్చుంటే సగం పనే అవుతుంది, ఎందుకంటే వైఫై రౌటరు ఉండేది హాల్లో.

స్కూలునీ కోచింగునీ కూడా నిలదీయండి. విశాఖలో నీట్ చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది: వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి, టెలీ మానస్‌తో సహా హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో కనబడేలా పెట్టాలి. ఉన్నారా అని అడిగితే అందరూ ఉన్నారనే అంటారు. అడ్మిషన్ ఫీజు కట్టే ముందు ఆ గది చూపించమనండి. ప్రిన్సిపాల్ గదికి ఆనుకుని, వరండాలో పోయే ప్రతివాళ్ళకీ లోపల కూర్చున్నది ఎవరో కనబడేలా ఉంటే అక్కడికి ఏ పిల్లలూ వెళ్ళరు. ఆ కౌన్సెలరే క్రమశిక్షణ కమిటీలోనూ ఉంటే అసలే వెళ్ళరు.